గ్రే మేర్ దూలం మీది మచ్చ

మొగిలయ్యను అడిగితే, తనకు అబద్ధం ఆడటం చేతకాదంటాడు. తనకు చేతనైంది కథలు చెప్పడం మాత్రమేనట. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని ఆయన ఎనిమిదేళ్లుగా నమ్ముతున్నాడు. ఆయన భార్య పుష్పలీల ఒక్కరోజు కూడా నమ్మలేదు.

ఇంగ్లండులో కోవెంట్రీకి ఎనిమిది మైళ్ల అవతల, పాత లండన్ రోడ్డు మీద, లాంగ్‌మోర్ అనే ఊళ్లో గ్రే మేర్ అని ఒక కోచింగ్ ఇన్ ఉంది. 2010లో మొగిలయ్య దాన్ని లీజుకు తీసుకున్నాడు. ఆ సంతోషంలో హన్మకొండలో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేసి, "కోచింగ్ ఇన్ తీస్కున్న కోటయ్యా" అన్నాడు. అటునుంచి కోటయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మంచి పని జేసినవ్ బావా! ఎంసెట్‌కా, ఐఐటీకా? మా పెద్దోనికి ఒక సీటు ఆపు" అన్నాడు. కోచ్ అంటే గుర్రపు బండి అనీ, రైళ్లు రాకముందు లండన్ నుంచి వచ్చే ఆ బండ్లు ఇలాంటి చోట ఆగేవనీ, అలిసిన గుర్రాలను విప్పి కొత్తవాటిని కట్టేలోపు జనం నాలుగు ముద్దలు తినేవారనీ, పొద్దుపోతే అక్కడే పడుకునేవారనీ మొగిలయ్య విడమరిచి చెప్పేసరికి ఫోన్ కార్డు అయిపోయింది. కోటయ్య మాత్రం ఇప్పటికీ మా బావ ఇంగ్లండులో పెద్ద కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడనే పదిమందికీ చెప్పుకుంటాడు.

బయటినుంచి చూస్తే గ్రే మేర్ ఏమంత గొప్పగా ఉండదు. 1930ల్లో కార్ల కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎవరో దానికి ఎర్ర ఇటుకతో కొత్త ముఖం కట్టారు. లోపల అక్కడక్కడా నల్లరంగు పూసిన దూలాలు తెచ్చిపెట్టి, పాతకాలపు షోకు చేశారు. గుర్రాల కొట్టం ఉన్నచోట ఇప్పుడు కార్ పార్కు ఉంది. అసలు చరిత్ర ఎవరికీ తెలియదు కాబట్టి మొగిలయ్యకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది. దారిదోపిడీ దొంగ ఒకడు పై కిటికీలోంచి గుర్రంతో సహా దూకి పారిపోయాడని బారులో పింట్ గ్లాసుల్లో బీరు పోస్తూ చెప్పేవాడు. ఎవరో రాణిగారు ఇక్కడ రెండు రాత్రులు నిద్రచేసిందని చెప్పేవాడు. ఏటా ఒక రాత్రి చొప్పున పెరిగి, ఆవిడ బస ఇప్పుడు పది రాత్రులకు వచ్చింది. విన్నవాళ్లు నవ్వి ఇంకో పింట్ అడిగేవారు. నా కథల వల్ల ఎవరి కొంపా మునగలేదు కదా అని ఆయన ధీమా.

మునిగే కొంప ఆయనదే అయింది. 2018 వేసవిలో, ఆ భవనం సొంతదారైన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మార్చితో లీజు ముగుస్తుంది, మళ్లీ ఇవ్వం, దీన్ని పడగొట్టి ఇరవై రెండు ఫ్లాట్లు కడతాం అని అందులో ఉంది. కింద బారు, వంటిల్లు వాళ్ల బతుకు. పైన మూడు గదులు వాళ్ల కాపురం. పదేళ్ల పిల్లగా వచ్చిన కూతురు సంజన అక్కడే పెరిగి ఇప్పుడు గ్లాస్గోలో యూనివర్సిటీలో చదువుతోంది. సలహా కోసం వెళ్తే సొలిసిటర్, అంటే లాయరు, ఒక్కటే దారి చూపించాడు. కాపాడదగిన పాత కట్టడాల లిస్టులోకి గ్రే మేర్ ఎక్కితే దాన్ని పడగొట్టడం కుదరదు. పడగొట్టడం కుదరకపోతే లీజు ఇవ్వననడానికి కంపెనీకి సాకు ఉండదు. ఎక్కితే ఉంటారు, ఎక్కకపోతే మార్చి నెలాఖరుకు సామాను సర్దుకుంటారు.

దరఖాస్తు సంజనే నింపింది. అక్టోబరులో ఇన్‌స్పెక్టర్ వస్తున్నారని ఉత్తరం రాగానే తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, ప్లీజ్. జస్ట్ ద ఫ్యాక్ట్స్, ఓకే? నో హైవేమన్, నో క్వీన్."

"నేనెందుకు చెప్త బిడ్డా?" అన్నాడు మొగిలయ్య. అప్పటికే ఆయన నోరు దురదపెడుతోంది.

ఆ మంగళవారం పొద్దున పది గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పేరు మిస్ ఆల్డ్‌రిడ్జ్. అరవై దగ్గర పడిన సన్నటి మనిషి. చేతిలో టార్చి, కాళ్లకు వానలో నానిన బూట్లు, ముఖంలో మాత్రం ఏ భావమూ లేదు. ఆమె వెనకే కంపెనీ మనిషి కూడా దిగాడు. సొంతదారు తరఫున చూసే హక్కు ఉందట. అతను కూర్చోకముందే ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి ఆమెకు అందించాడు.

"వీళ్ల వెబ్‌సైట్లోంచి తీసింది. ఈ ఇంటి చరిత్ర అట," అన్నాడు నవ్వుతూ.

ఆమె నిలబడే చదివింది. దొంగ దూకాడు, రాణి పడుకుంది. చదివి, కళ్లద్దాల పైనుంచి మొగిలయ్యను చూసింది. "వీటికి ఆధారం ఏమిటి?"

"పెద్దలు చెప్పుకుంటారు," అన్నాడు మొగిలయ్య ఇంగ్లీషులో.

"ఏ పెద్దలు?"

ఆ ఊళ్లో ఆ కథ చెప్పే పెద్ద తనొక్కడే. ఆమె కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకుంది. పని మొదలవకముందే తన మాటకు విలువ పోయిందని ఆయనకు అర్థమైంది.

ఆమె గది తర్వాత గది చూసింది. దూలాన్ని వేలి కణుపుతో కొట్టడం, టార్చి వేయడం, ఒక్క ముక్క అనడం. "ముప్పైల నాటిది." ఇంకో గది. "ముప్పైల నాటిది. లోపల ఇనుము ఉంది." మెట్ల దగ్గర, "ఇది పాతదే, కానీ వేరే చోటినుంచి తెచ్చి అతికించారు." ఆమె అన్నప్పుడల్లా కంపెనీ మనిషి తన కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నాడు. మొగిలయ్య ఆ టిక్కులు లెక్కపెడుతూ వెంట నడిచాడు. పద్నాలుగు అయ్యాయి.

చివరికి బారు వెనక గది ఒక్కటే మిగిలింది. ఒకప్పుడు అదే ఇన్‌కు వంటిల్లు. మూసేసిన పెద్ద పొయ్యి, దాని పైన గోడ ఈ చివరినుంచి ఆ చివరికి మూరెడు లావు ఓక్ దూలం. ఇప్పుడది పుష్పలీల పూజగది. దూలానికి ఆనించి కొట్టిన అర మీద ఎడమవైపు యాదగిరి నర్సింహస్వామి, వేములవాడ రాజన్న, ఎల్లమ్మ పటాలు వరసగా ఉన్నాయి. దీపం పెట్టే చోటు కుడివైపు.

మిస్ ఆల్డ్‌రిడ్జ్ దూలాన్ని చాలాసేపు చూసింది. "ఇది మూడు వందల యాభై ఏళ్ల నాటి చెక్కే. కానీ పాత దూలాలు కొని తెచ్చి కొత్త ఇళ్లలో పెట్టడం ముప్పైల్లో మామూలు ఫ్యాషన్. ఇది మొదటినుంచీ ఇక్కడే ఉందని చెప్పడానికి ఏదైనా దొరకాలి," అంది.

"దొరక్కపోతే?" అని కంపెనీ మనిషి అడిగాడు.

"ఈ రోజుకు నా పని అయిపోయినట్టే."

అప్పుడే టార్చి వెలుగు దూలం కుడి చివర ఆగింది. అక్కడ జానెడు ఎత్తున, కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, కన్నీటిచుక్క ఆకారంలో చెక్కలోకి కాలిన నల్లటి మచ్చ ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి మునివేళ్లతో తడిమింది. మొదటిసారి ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది.

"వెనకటి రోజుల్లో ఇలాంటి మచ్చలను జనం కావాలని కాల్చి పెట్టుకునేవారు. వెలిగించిన వత్తిని చెక్కకు ఆనించి పట్టుకునేవారు. ఇంటికి నిప్పు గుర్తు ఒకటి పెట్టేస్తే ఇక నిప్పు ఆ ఇంటి జోలికి రాదని, చెడు చూపు తగలదని నమ్మకం. ఇది ఆ కాలం నాటిదైతే నా రిపోర్టు మారిపోతుంది," అంది.

దిష్టిచుక్క అన్నమాట, అనుకున్నాడు మొగిలయ్య. కానీ ఆ చుక్క ఎప్పటిదో ఆయనకు తెలుసు. తేదీతో సహా తెలుసు.

రెండేళ్ల కిందట కార్తీక పున్నమినాడు, పుష్పలీల ఉపవాసం ఉండి, మూడు వందల అరవై ఐదు వత్తుల కట్టను నెయ్యిలో ముంచి ఆ కుడివైపు అర మీద పెట్టి వెలిగించింది. ఏడాది మొత్తానికీ కలిపి ఒకే దీపం. ఆకాశం కింద వెలిగించాల్సినదాన్ని, బయట వాన అని లోపల వెలిగించింది. మంట బుస్సుమని లేచింది. స్మోక్ అలారం మోగింది. బారులో ఉన్నవాళ్లు పింట్లు చేత్తో పట్టుకునే కార్ పార్కులోకి పరిగెత్తారు. మొగిలయ్య గిన్నెలు కడిగే నీళ్ల బకెట్టు తెచ్చి కుమ్మరించాడు. మర్నాడు, కంపెనీవాళ్లు చూస్తే ప్రాణం తీస్తారని, కాలినచోట బూట్ పాలిష్ రుద్ది రుద్ది చెక్కలో కలిపేశాడు. పనితనం అంత బాగా కుదిరిందని ఇవాళే తెలిసింది.

"ఈ మచ్చ ఎప్పటినుంచి ఉందో మీకేమైనా తెలుసా?" అని అడిగింది మిస్ ఆల్డ్‌రిడ్జ్.

గుర్రం కిటికీలోంచి దూకిన కథ వెయ్యిసార్లు చెప్పిన మనిషికి ఈ ఒక్క ముక్క గొంతులోంచి రావడం ఎంత కష్టమైందో! ఇన్నాళ్లూ ఆయన చెప్పినవి ఎవరూ నమ్మాల్సిన అవసరం లేనివి. ఇది నమ్మితేనే పనికొచ్చేది.

"మేం వచ్చేటప్పటికే ఉంది," అన్నాడు.

అదే సమయానికి పుష్పలీల టీ ట్రేతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు ఇంగ్లీషు మాట్లాడటం పెద్దగా రాదు కానీ, వినడం బాగానే వచ్చు. టార్చి వెలుగు ఎక్కడుందో చూసింది. మొగుడి ముఖం చూసింది.

"ఏమంటున్నది గామె?" అంది తెలుగులో.

"ఏం లేదు. ఛాయ్ ఆడ వెట్టి పో," అన్నాడు మొగిలయ్య, పెదాల మీద నవ్వు చెదరనీయకుండా.

"అది మన దీపంతోని కాలింది గదనయ్యా. పాతదంటవేంది?"

"జర ఊకో పుష్పా. ఇల్లు వోతది."

"దేవుని ముంగట నిలవడి చెప్తున్నవ్. నా దీపం మీద అబద్ధం చెప్పకు."

"దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు నోరు మూస్కో."

ఇద్దరూ పెళ్లిలో పలకరించుకున్నంత మర్యాదగా, మెల్లగా మాట్లాడుకున్నారు. కానీ కంపెనీ మనిషి టిక్కులు పెట్టే పెన్ను ఆపి వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"మీ ఆవిడ ఏమంటున్నారు?" అని అడిగింది మిస్ ఆల్డ్‌రిడ్జ్.

"టీలో మీకు షుగర్ ఎంత అని," అన్నాడు మొగిలయ్య.

షుగర్ అన్న మాట పుష్పలీలకు బాగానే తెలుసు. ట్రే నేల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి. దూలం దగ్గరికి నడిచి, కుడి చివర మచ్చ మీద వేలు పెట్టింది.

"నో షుగర్," అంది. "ఫైర్. మై ఫైర్. టూ ఇయర్స్."

మిస్ ఆల్డ్‌రిడ్జ్ మచ్చను ఇంకోసారి తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొగిలయ్యను చూడలేదు. చూసి ఉంటే ఆయనకు కొంచెం నయంగా ఉండేది.

"బూట్ పాలిష్," అంది.

కంపెనీ మనిషి టపీమని ఫైలు మూశాడు. "సాక్ష్యం తయారు చేశారు. ఇది మా లాయర్లకు చెప్తాను. ఇక వెళ్దామా?" అన్నాడు.

మొగిలయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మార్చి నెల, సామాను వ్యాన్, గ్లాస్గో నుంచి వచ్చే పిల్లకు చూపించడానికి ఇల్లంటూ లేకపోవడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. పెళ్లాం మీద కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు. ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది అనుకున్నాడు.

మిస్ ఆల్డ్‌రిడ్జ్ టార్చి ఆర్పి బ్యాగులో వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఒక్క మాట. ఇంత ఇంట్లో దీపం పెట్టడానికి ఆమె ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారు?" అంది. తర్వాత మొగిలయ్య వైపు తిరిగి, "ఈసారి ఆమె అన్నది అన్నట్టు చెప్పండి," అంది.

మొగిలయ్య అడిగాడు. పుష్పలీల చెప్పింది. ఆయన ఒక్కో ముక్కా, బడిపిల్లాడు ఒప్పజెప్పినట్టు, ఇంగ్లీషులోకి మార్చాడు.

"మేం వచ్చిన నాడు ఈ దూలం నేనే తుడిచిన. ఎడమ దిక్కు మూలకు మచ్చలు కనవడ్డయి. దీపం మంట తీరుగ ఉన్నయి. మాకంటె ముందుగాల ఎవరో ఈడ దీపం వెట్టుకున్నరు, ఇది దీపం జాగ అనుకున్న. అందుకే ఈయన ఈడ టీవీ వెడ్తనంటె వద్దన్న. దేవుని పటాలు పెట్టిన."

టీవీ ముక్క దాకా అనువదించాక మొగిలయ్య ఆగిపోయాడు. భార్య వైపు తిరిగి, "నాకెప్పుడు చెప్పినవే?" అన్నాడు.

"ఆ దినమే చెప్పిన. నువ్వు బారుల ఎవనికో రాణి కథ చెప్పుకుంట ఉన్నవ్."

"మరి సంజన కాయితాలు నింపుతున్నప్పుడన్న..."

"నన్నెవరు అడిగిండ్రు?"

మిస్ ఆల్డ్‌రిడ్జ్ బ్యాగులోంచి టార్చి మళ్లీ బయటికి తీసింది. "ఆ పటాలు కొంచెం తీయించగలరా?"

"ఆమెను బూట్లు ఇడువుమను," అంది పుష్పలీల. ఆమె ఇంట్లో దేవుణ్ణి కదిలించడమంటే మాటలు కాదు. తను వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. మిస్ ఆల్డ్‌రిడ్జ్ గోడ పట్టుకుని, ఒక కాలి మీద నిలబడి, నానిన బూట్లు రెండూ విప్పింది. కంపెనీ మనిషి మాత్రం బూట్లు విప్పనని గుమ్మం అవతలే ఉండిపోయాడు. టైం వేస్ట్ అని రెండుసార్లు అన్నాడు.

పుష్పలీల నర్సింహస్వామిని దించి కళ్లకద్దుకుని, మొగిలయ్య చేతిలో పెట్టింది. తర్వాత రాజన్న. మొగిలయ్య రెండు పటాలనూ గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. చివరికి ఎల్లమ్మను దించింది.

దూలం ఎడమ కొసన, నిలువు స్తంభంలోకి అది దిగిన చోట, మచ్చలు ఉన్నాయి. చిటికెనవేలంతవి, ఒక్కొక్కటీ కన్నీటిచుక్క ఆకారంలో, నిప్పుతో చెక్కలోకి దిగినవి. పూసిన నల్లరంగు కింద కూడా వాటి గుంటలు తెలుస్తున్నాయి. మిస్ ఆల్డ్‌రిడ్జ్ లెక్కపెట్టింది. పదకొండు. అందులో ఒకదాని దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఆ మచ్చ సగం దూలం మీద, సగం స్తంభం మీద ఉంది.

"ఇది చూశారా? మంట పెట్టిన రోజున ఈ రెండు చెక్కలూ ఇలాగే, ఇక్కడే కలిసి ఉన్నాయి. వేరే చోటినుంచి తెచ్చి అతికిస్తే సగానికి సగం ఇంత సరిగ్గా కుదరదు," అని మెల్లగా అంది.

"అంటే?" అన్నాడు మొగిలయ్య.

"ఇప్పుడే ఏమీ అనలేను. ప్లాస్టరు వెనక చూడాలి." ఆమె పుష్పలీల వైపు తిరిగింది. "ఆమె ఆ కుడివైపు మచ్చ గురించి చెప్పకపోయి ఉంటే, నేను అదొక్కటే రాసుకుని వెళ్లిపోయేదాన్ని. రిపోర్టు మీద కంపెనీవాళ్లు తప్పకుండా పరీక్ష చేయించేవారు. పాలిష్ బయటపడ్డాక ఈ ఇంటి మాట ఇంకెవరూ వినేవారు కాదు. ఇది ఆమెకు చెప్పండి."

మొగిలయ్య చెప్పాడు. అన్నది అన్నట్టే చెప్పాడు. పుష్పలీల తల ఊపి, టీ చల్లారిపోయింది, మళ్లీ పెడతానంది.

ఆ తర్వాత నాలుగు నెలలు వాళ్లు పడిన యాతన వాళ్లకే తెలుసు. ఇంకో ఇద్దరు నిపుణులు వచ్చి ప్లాస్టరు ఊడదీసి, కెమెరాలు దూర్చి చూసి, పెదవి విప్పకుండా వెళ్లారు. కంపెనీ తమ నిపుణుణ్ణి పంపింది. మొగిలయ్య బారులో కథలు మానేశాడు. ఎవరైనా రాణి గురించి అడిగితే తెలియదనేవాడు. పాత గిరాకీలు, ఒంట్లో బాగాలేదేమో, జీపీకి, అంటే ఊరి డాక్టరుకు, చూపించుకోమన్నారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మధ్యాహ్నం గిరాకీలకు వడ్డించే రోస్ట్ భోజనం కోసం పుష్పలీల ఆలుగడ్డలు చెక్కు తీస్తుండగా సంజన ఫోన్ చేసింది. మొగిలయ్య ఎత్తాడు. అటునుంచి ఏడుపు తప్ప మాట రాలేదు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది బిడ్డా? పోయిందా?"

"నో, నాన్నా, నో! వీ గాట్ ఇట్! చెక్ యువర్ ఈమెయిల్!"

చెంపల మీది నీళ్లు తుడుచుకుని, మొగిలయ్య ఫోన్‌లో ఆ కాగితం తెరిచాడు. నాలుగు పేజీలు. గ్రే మేర్ అసలు చరిత్ర. పదిహేడో శతాబ్దం మధ్యలో కట్టిన ఇల్లు, తర్వాత గుర్రపు బండ్లు ఆగిన ఇన్, రైలు వచ్చాక ఖాళీ అయిన కొట్టం, ఇటుక ముఖం వెనక చెక్కుచెదరకుండా నిలబడిన చట్రం. దొంగ లేడు, రాణి లేదు. ఆయన తెలుగులో చదివి వినిపిస్తూ పోయాడు. మూడో పేజీ చివర చదవడం ఆపి, అదే పేరాను మళ్లీ మొదటినుంచి చూశాడు.

"ఏందయ్యా? మల్ల ఏం మెలిక వెట్టిండ్రు?" అంది పుష్పలీల కంగారుగా.

"మెలిక గాదు. విను." ఆయన మళ్లీ చదివాడు. "పొయ్యి దూలం మీద పదకొండు పాత మంట గుర్తులు ఉన్నయి. వంటింట్ల పని చేసిన ఆడోళ్లు పెట్టినయి కావచ్చు. పన్నెండో గుర్తు 2016 నవంబర్‌ల, ఈ ఇంట్ల ఉంటున్న శ్రీమతి పుష్పలీల దీపంతోని పడ్డది. దాన్ని కూడ ఇంటి చరిత్రల భాగంగ కాపాడాలె. గట్ల రాసిండ్రు."

పుష్పలీల చేతిలో కత్తి ఆగింది. "నా పేరా? సర్కారు కాయితంలనా?"

"అవును. మూడు వందల యాభై ఏండ్ల చరిత్రల, ఈ ఇంట్ల బతికినోళ్లల్ల ఇంకొకరి పేరు లేదు. నీదొక్కటే."

ఆమె చేతిలోని ఆలుగడ్డను గిన్నెలో వేసింది. తర్వాత, "మరి ఆ పదకొండు మంది పేర్లు?" అని అడిగింది.

"తెల్వదట. వాళ్లు ఎవరికి చెప్పుకోలేదు కావచ్చు."

"చెప్పే ఉంటరు," అంది పుష్పలీల, ఇంకో ఆలుగడ్డ అందుకుంటూ. "మొగోళ్లే ఇంకోటి చెప్పి ఉంటరు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఊరికే, తెలిసిన సంగతి చెప్పినట్టు అంది. మొగిలయ్య లేచి వెళ్లి సొరుగులోంచి ఇంకో కత్తి తీసి, ఆమె పక్కన కూర్చున్నాడు.